ఫిన్‌కాసిల్ కౌంటీ (1772–1776): ఎందుకు పుట్టింది, ఎందుకు పోయింది, దాని కాగితాలు ఎక్కడ వెతకాలి

మీ దగ్గరున్న 1774 సర్వే నకలులో భూమి "ఫిన్‌కాసిల్ కౌంటీ, ఎల్క్‌హార్న్ వాగు మీద" అని ఉంది. ఎల్క్‌హార్న్ వెతికితే కెంటకీలో తేలింది. ఫిన్‌కాసిల్ వెతికితే వర్జీనియాలో చిన్న ఊరు వచ్చింది. ఆ పేరుతో కౌంటీ మాత్రం ఏ పటంలోనూ లేదు. నకలు దొంగదా, లేక గుమాస్తా పొరపాటా అని అడిగారు. రెండూ కాదు. 1772 డిసెంబరు 1 నుంచి 1776 డిసెంబరు 31 దాకా, నాలుగేళ్ళ ఒక నెల పాటు, నేటి కెంటకీ రాష్ట్రం వర్జీనియా కాలనీలోని ఒక కౌంటీకి పడమటి కొస. ఆ కౌంటీయే ఫిన్‌కాసిల్.

ముందు ఊరి సంగతి తేల్చేద్దాం, చాలామంది దారి తప్పేది ఇక్కడే. ఫిన్‌కాసిల్ ఊరు 1772లోనే వెలిసింది గానీ, అది పక్కనున్న బాటటాట్ కౌంటీకి ముఖ్య పట్టణం. ఫిన్‌కాసిల్ కౌంటీలో ఒక్కరోజు కూడా లేదు. రెండింటికీ పేరు ఒకే చోటి నుంచి వచ్చింది: 1771లో గవర్నరుగా దిగిన లార్డ్ డన్‌మోర్ ఇంటి బిరుదుల్లో ఫిన్‌కాసిల్ ఒకటి, ఆయన పెద్దకొడుకు దాన్ని వాడేవాడు. కొత్త గవర్నరును మంచి చేసుకునే పనిలో అటు ఊరికీ ఇటు కౌంటీకీ అదే పేరు పెట్టారు. ఫిన్‌కాసిల్ కౌంటీ కోర్టు కూర్చున్నది న్యూ రివర్ ఒడ్డున లెడ్ మైన్స్ అనే చోట. అంటే సీసపు గనులు. నేటి వైత్ కౌంటీలో ఆస్టిన్‌విల్ దగ్గర. బాటటాట్ కోర్టు రికార్డుల్లో "ఫిన్‌కాసిల్‌లో" అని కనబడితే అది ఊరు, సర్వే కాగితంలో "ఫిన్‌కాసిల్ కౌంటీ" అని ఉంటే అది వేరే.

కౌంటీ పుట్టుక 1769లోనే ఖాయమైంది. ఆ ఏడాది ఆగస్టా కౌంటీని చీల్చి బాటటాట్‌ను ఏర్పరచిన చట్టంలోనే ఒక మాట రాసిపెట్టారు: మిసిసిపీలోకి పారే నీళ్ళ మీద ఉన్నవాళ్ళకు కోర్టు చాలా దూరం, జనం పెరగగానే వాళ్ళు వేరే కౌంటీ కాక తప్పదు, కాబట్టి బాటటాట్ కోర్టుహౌసు, జైలు కట్టడానికి వేసే పన్ను వాళ్ళు కట్టనక్కరలేదు. చూస్తే నదుల గొడవలా ఉంటుంది, అసలు లెక్క అదే. న్యూ రివర్ కనావాలో, కనావా ఒహాయోలో, ఒహాయో మిసిసిపీలో కలుస్తాయి. రోనోక్, జేమ్స్ నదులు తూర్పున అట్లాంటిక్‌కు పోతాయి. ఆ రోజుల్లో భూమి ఎవరిదనే తగాదాలన్నీ నీళ్ళు ఎటు పారతాయి అన్న దాని మీదే నడిచేవి. దీనికి పడమర కాపురాలు పెట్టొద్దంటూ 1763 రాజు ప్రకటన గీసిన గీత కూడా ఆ జలవిభజన మీదే.

1772 ఏప్రిల్ చట్టం హద్దులు ఇలా చెప్పింది: న్యూ రివర్ తూర్పు ఒడ్డు వెంబడి కల్బర్సన్ వాగు ముఖం దాకా, అక్కడి నుంచి నేరుగా కటాబా బాట రోనోక్ ఉత్తరపాయకూ న్యూ రివర్ నీళ్ళకూ మధ్య ఉన్న కొండగట్టును దాటే చోటికి, గట్టు మీదుగా అది తూర్పుకు తిరిగే వంపు దాకా, అక్కణ్ణించి దక్షిణంగా లిటిల్ రివర్ దాటి బ్లూ రిడ్జ్ కొండల శిఖరం దాకా. ఈ గీతకు పడమరనున్న బాటటాట్ అంతా ఫిన్‌కాసిల్. పడమట హద్దు మిసిసిపీ నది. అంటే నేటి నైరుతి వర్జీనియా, దక్షిణ వెస్ట్ వర్జీనియాలో కొంత, కెంటకీ మొత్తం. మొదటి కోర్టు 1773 జనవరి 5న కూర్చుంది. లెడ్ మైన్స్ నుంచి కెంటకీ మధ్యలోని హారడ్స్‌బర్గ్‌కు పటం మీద తిన్నగా గీత గీసి కొలిచినా 200 మైళ్ళు దాటుతుంది. కొండదారిలో గుర్రం మీద ఎన్ని రోజులో ఊహించుకోండి. ఇది గుర్తుంచుకోండి, చివరికి కౌంటీని చీల్చింది ఈ దూరమే.

వర్జీనియా కౌంటీని మన జిల్లాలా ఊహించుకుంటే తప్పుదారి పడతారు. కలెక్టరు లాంటి ఒక్క అధికారి ఉండడు. గవర్నరు నియమించిన జస్టిసుల కోర్టే పాలన: దస్తావేజులు, వీలునామాలు, బాటలు, పన్నులు, చిన్న నేరాలు అన్నీ అక్కడే. ప్రాణం మీదికి వచ్చే నేరమైతే ఇక్కడ ప్రాథమిక విచారణ చేసి విలియమ్స్‌బర్గ్‌కు పంపేవాళ్ళు. షెరీఫు పన్ను వసూలు చేస్తాడు, కౌంటీ లెఫ్టినెంటు మిలీషియాను, అంటే స్థానిక జనంతో కూడిన సైన్యాన్ని, నడుపుతాడు. ఫిన్‌కాసిల్ మట్టుకు అన్నిటికంటే బరువైన పదవి సర్వేయరుది. ఆ పదవీ, మిలీషియా అధిపతి పదవీ రెండూ విలియం ప్రెస్టన్ చేతిలో ఉన్నాయి. నా లెక్కలో ఈ కౌంటీ కథంతా ఆ సర్వేయరు ఆఫీసు కథే.

ఎందుకో చెప్తాను. ఫ్రెంచి యుద్ధంలో పోరాడినవాళ్ళకు 1763 ప్రకటన భూమి ఇస్తానంది: ఫీల్డ్ ఆఫీసరుకు 5,000 ఎకరాలు, కెప్టెనుకు 3,000, కిందిస్థాయి ఆఫీసరుకు 2,000, నాన్ కమిషన్డ్ వాళ్ళకు 200, సిపాయికి 50. చేతిలో వారంటు, అంటే ఇన్ని ఎకరాలకు హక్కుందనే కాగితం, ఉన్నంత మాత్రాన భూమి రాదు. వారంటు తీసుకెళ్ళి భూమి ఏ కౌంటీలో ఉందో ఆ కౌంటీ సర్వేయరుకు ఇవ్వాలి. ఆయన గానీ, ఆయన డిప్యూటీ గానీ నేల మీద కొలవాలి. కొలిచిన పటాన్ని సర్వేయరు ధ్రువీకరించి తన పుస్తకంలో ఎక్కించాలి. ఆ పటం విలియమ్స్‌బర్గ్‌కు చేరాక గవర్నరు సంతకంతో పట్టా. సర్వేయర్లకు అధికారమిచ్చేది విలియం అండ్ మేరీ కాలేజీ, వాళ్ళ ఫీజులో ఆరోవంతు కాలేజీకే పోయేది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా భూమి పోయినట్టే. అందువల్ల కెంటకీలో భూమి కావాలన్న ప్రతి ఆఫీసరూ ప్రెస్టన్ గుమ్మం ఎక్కాల్సిందే.

1773లో థామస్ బుల్లిట్ ఈ గుమ్మం తొక్కకుండానే ఒహాయో జలపాతాల దగ్గర, ఇప్పుడు లూయీవిల్ ఉన్న చోట, కొలతలు వేశాడు. తన డిప్యూటీ కాని మనిషి వేసిన కొలతలను ప్రెస్టన్ ఒప్పుకోలేదు. 1774 ఏప్రిల్‌లో ప్రెస్టన్ మనుషులు జాన్ ఫ్లాయిడ్, హాన్‌కాక్ టేలర్, జేమ్స్ డగ్లస్ బృందాలుగా కెంటకీలో దిగి కొలతలు మొదలుపెట్టారు. మీ ఎల్క్‌హార్న్ కాగితం ఈ ఒక్క సీజన్‌దే. దాని మీద డిప్యూటీ పేరూ, ప్రెస్టన్ పేరూ రెండూ ఉన్నాయో లేదో చూడండి. రెండూ ఉంటే అది సరైన గొలుసులో వచ్చిన కాగితం.

అది వర్జీనియాకూ షానీ తెగకూ మధ్య యుద్ధపు వేసవి కూడా. 1768లో ఫోర్ట్ స్టాన్‌విక్స్‌లో ఒహాయోకు దక్షిణాన ఉన్న నేలను ఇరక్వా తెగలవాళ్ళు బ్రిటిష్ వాళ్ళకు వదిలేశారు. కానీ అది షానీల వేటభూమి, వాళ్ళను ఎవరూ అడగలేదు. చెరోకీ తెగతో లోకాబర్ ఒప్పందం 1770లో జరిగింది, 1771లో సర్వేయరు డోనల్సన్ నడిచి గీసిన హద్దు గీత కెంటకీ నది దాకా వెళ్ళింది. ఇన్ని ఒప్పందాలు జరిగినా, జలపాతాల దగ్గరి సర్వేలు ఆ గీతకు కూడా అవతలివే. జూన్‌లో సర్వేయర్లను వెనక్కి రమ్మని చెప్పడానికి డేనియల్ బూన్, మైకేల్ స్టోనర్ వెళ్ళారు. 62 రోజుల్లో 800 మైళ్ళు తిరిగారు. టేలర్‌కు ఆ వేసవిలోనే తూటా తగిలింది. చనిపోయే ముందు తోటివాడు ఫీల్డు పుస్తకం ముందుపెట్టి సంతకం చేయించుకున్నాడు, సంతకం లేకపోతే అన్ని వేల ఎకరాల కొలతా చిత్తుకాగితమే కాబట్టి. టేలర్ సర్వేలు తర్వాత కోర్టుల్లో నలిగాయంటే ఆ సంతకం చుట్టూనే.

యుద్ధం సంగతి క్లుప్తంగా: అక్టోబరు 10న పాయింట్ ప్లెజెంట్ దగ్గర ఆండ్రూ లూయిస్ నడిపిన వర్జీనియా మిలీషియా కార్న్‌స్టాక్ నాయకత్వంలోని షానీలతోనూ వాళ్ళతో కలిసినవాళ్ళతోనూ రోజంతా పోరాడింది. ఎవాన్ షెల్బీ, విలియం రస్సెల్ కంపెనీలు ఫిన్‌కాసిల్‌వే. కౌంటీ దళంలో ఎక్కువ భాగం విలియం క్రిస్టియన్ వెంట ఆ రాత్రికి, పోరు ముగిశాక చేరింది. మీ పూర్వీకుడు "ఫిన్‌కాసిల్ మిలీషియా" అని ఉంటే యుద్ధంలో కాల్పులు చూశాడని అర్థం కాదు, ఎవరి కంపెనీయో చూడాలి. తర్వాతి జనవరి 20న ఇదే మనుషులు, క్రిస్టియన్ అధ్యక్షుడుగా, ప్రెస్టన్, ఆర్థర్ క్యాంప్‌బెల్ వగైరా కలిసి 15 మంది సంతకాలతో కాంటినెంటల్ కాంగ్రెసులోని (కాలనీల ఉమ్మడి సభ) వర్జీనియా ప్రతినిధులకు లేఖ రాశారు. రాజుకు విధేయులమే, కానీ స్వేచ్ఛ ఒదులుకోవాల్సి వస్తే ప్రాణమైనా ఇస్తాం అన్నది దాని సారం. ఫిన్‌కాసిల్ తీర్మానాలుగా చరిత్ర పుస్తకాల్లో కౌంటీ పేరు మిగిలింది చాలావరకు దీనివల్లే.

ఇక కౌంటీ ఎందుకు పోయింది. ఎక్కువచోట్ల కనిపించే సమాధానం: స్వాతంత్ర్య పోరులో డన్‌మోర్ శత్రువయ్యాడు, ఆయనింటి పేరు జనానికి సహించలేదు, అందుకని తీసేశారు. ఇందులో సగమే నిజం. పేరే అసలు బాధ అయితే పేరు మారిస్తే సరిపోయేది. 1772లోనే ఏర్పడ్డ డన్‌మోర్ కౌంటీకి సరిగ్గా అదే చేశారు: 1778లో షెనాండోవా అని మార్చారు, కౌంటీ అలాగే ఉంది, నేటికీ ఉంది. ఇంకో గవర్నరు పేరున్న బాటటాట్‌నైతే ముట్టుకోనే లేదు. ఫిన్‌కాసిల్‌కు జరిగింది పేరు మార్పు కాదు, మూడు ముక్కలుగా పంపకం. అందుకు కారణం కెంటకీలో వెతకాలి.

1775 మార్చిలో రిచర్డ్ హెండర్సన్ అనే నార్త్ కరోలినా జడ్జి, మాజీయే అనుకోండి, సికమోర్ షోల్స్ దగ్గర చెరోకీ పెద్దలకు 10,000 పౌండ్ల విలువైన సరుకు ఇచ్చి కెంటకీ నదికీ కంబర్లండ్‌కూ మధ్య దాదాపు 2 కోట్ల ఎకరాలు కొన్నానన్నాడు. చెరోకీ నాయకుడు డ్రాగింగ్ కనూ వద్దని తిరగబడ్డా ఆగలేదు. ఆ నేల కాగితాల మీద ఫిన్‌కాసిల్ కౌంటీ. అదే నెల 21న డన్‌మోర్ హెండర్సన్ చేసింది చెల్లదని ప్రకటించాడు. కొత్త రాజాజ్ఞ ప్రకారం నేలను ఎకరా కనీసం ఆరు పెన్నీలకు వేలం వేస్తామనీ, ఏటా అర పెన్నీ శిస్తు కట్టాలనీ కూడా చెప్పాడు. దాంతో స్థానికులకు రెండు వైపులా వాత: పాత వారంటు గొలుసు ఆగిపోయింది, కొత్త ధర ఎవరికీ నచ్చలేదు. డన్‌మోర్‌ను ఎదిరించే వర్జీనియా ప్రతినిధుల సభ, అంటే వర్జీనియా కన్వెన్షన్, ఈ షరతుల మీద ఎవరూ కొనొద్దంది. జూన్‌లో డన్‌మోర్ ఓడెక్కి పారిపోయాడు. హెండర్సన్ మాత్రం కెంటకీలోని తన స్థావరం బూన్స్‌బరోలో కూర్చుని వంద ఎకరాల ధర 20 షిల్లింగుల నుంచి 50కి పెంచాడు.

హారడ్స్‌బర్గ్ జనం ఒళ్ళు మండింది అక్కడే. 1776 జూన్‌లో సమావేశమై జార్జ్ రోజర్స్ క్లార్క్‌ను, జాన్ గేబ్రియల్ జోన్స్‌ను ప్రతినిధులుగా ఎన్నుకొని విలియమ్స్‌బర్గ్ పంపారు. ఫిన్‌కాసిల్‌కు అప్పటికే తన ప్రతినిధులున్నారు, కాబట్టి వీళ్ళకు సభలో కుర్చీ దొరకలేదు. క్లార్క్ ముందు తుపాకీ మందు అడిగాడు. కౌన్సిల్ అప్పుగా ఇస్తామంటే కాదన్నాడు: కాపాడనక్కర్లేని నేలైతే మాదని చెప్పుకోవడమూ అక్కర్లేదు అని తిరగగొట్టాడు. ఆగస్టులో 500 పౌన్ల మందు ఇచ్చారు. ఇవ్వడమంటే కెంటకీ మాదే అని వర్జీనియా ఒప్పుకున్నట్టు. శీతకాలపు సమావేశంలో హెండర్సన్ ఒక పక్కా, కౌంటీ చీలడం ఇష్టంలేని ఆర్థర్ క్యాంప్‌బెల్ ఇంకో పక్కా అడ్డుపడ్డారు. అయినా డిసెంబరులో చట్టం వచ్చింది: ఫిన్‌కాసిల్ మూడు కౌంటీలు, బాటటాట్ పారిష్ (చర్చి పరిధి) నాలుగు పారిష్‌లు. హెండర్సన్‌ను ఆపాలంటే కెంటకీలోనే కోర్టూ, సర్వేయరూ, మిలీషియా ఉండాలి. 200 మైళ్ళ అవతల సీసపు గనుల్లో కూర్చున్న కోర్టుతో అది అయ్యే పని కాదు. 1778లో సభ హెండర్సన్ కొనుగోలును రద్దు చేసి, గ్రీన్ రివర్ మీద 2 లక్షల ఎకరాలు చేతిలో పెట్టి సరిపెట్టింది.

చట్టంలోని పారిష్ మాటను గమనించండి. 1772లో కౌంటీ విడిపోయింది గానీ చర్చి పారిష్ విడిపోలేదు. ఫిన్‌కాసిల్‌లో ఉన్నవాడి కాగితంలో "బాటటాట్ పారిష్" అని ఉంటే ఆశ్చర్యపోవద్దు, మనిషి కౌంటీ మారాడనీ అనుకోవద్దు.

మూడు ముక్కల సంగతి. బిగ్ శాండీ నది ముఖం నుంచి దాని ఈశాన్యపాయ మీదుగా కంబర్లండ్ కొండకు, కొండ వెంట నార్త్ కరోలినా గీత దాకా పోయే హద్దుకు పడమరనున్నదంతా కెంటకీ కౌంటీ. మిగిలినదాంట్లో స్థూలంగా హోల్‌స్టన్, క్లించ్ నీళ్ళ మీదివి వాషింగ్టన్ కౌంటీకి, న్యూ రివర్ మీదివి మోంట్‌గొమరీకి. అమెరికా సేనాని జనరల్ రిచర్డ్ మోంట్‌గొమరీ క్యుబెక్ ముందు చనిపోయింది 1775 డిసెంబరు 31న. ఆయన పేరున్న కౌంటీకి చోటిస్తూ ఫిన్‌కాసిల్ పోయింది సరిగ్గా ఏడాదికి. కాకతాళీయమే.

ఇప్పుడు మీ పనికి వద్దాం. ఎల్క్‌హార్న్ నేల కౌంటీ వరస ఇది: 1770 నుంచి బాటటాట్, 1772 డిసెంబరు నుంచి ఫిన్‌కాసిల్, 1776 చివరి నుంచి కెంటకీ కౌంటీ, 1780లో కెంటకీ మూడు కౌంటీలుగా చీలాక ఫయెట్, 1788 చట్టంతో దాంట్లో ఒక భాగం వుడ్‌ఫర్డ్, 1792లో కెంటకీ రాష్ట్రమయ్యాక అందులోంచి స్కాట్. ముందు వాగు ఏ పాయో తేల్చుకుని, తర్వాత ఏ ఏడాది కాగితానికి ఏ కౌంటీ అన్నది చూసుకోండి. తలకిందులుగా, నేటి కౌంటీ నుంచి వెనక్కి వెతికితే 1780 దగ్గర గోడ తగులుతుంది.

ఫిన్‌కాసిల్ కోర్టు, సర్వే పుస్తకాలు వారసత్వంగా మోంట్‌గొమరీకి దక్కాయి, క్రిస్టియన్స్‌బర్గ్‌లోని కోర్టుహౌసులో ఉన్నాయి. ప్రెస్టన్ ఆ తర్వాత మోంట్‌గొమరీ సర్వేయరుగా కొనసాగాడు కాబట్టి పుస్తకం అక్కడ ఆగడం సహజం. పట్టాల నకళ్ళు రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలోనూ, కెంటకీ భూములవి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని కెంటకీ లాండ్ ఆఫీసులోనూ ఉన్నాయి. ప్రెస్టన్ ఉత్తరాలు చూడాలంటే విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీలో డ్రేపర్ సేకరణ, క్యూక్యూ వరస. సర్వే తేదీ 1774 ఉండి పట్టా తేదీ 1780 తర్వాత ఉంటే బెంబేలెత్తవద్దు. 1779 వర్జీనియా భూచట్టం ప్రమాణం చేసిన కౌంటీ సర్వేయరు పాత వారంట్ల మీద వేసిన కొలతలను నిలబెట్టింది, పట్టాలు ఆ తర్వాతే కదిలాయి.

చెక్కుబందీ చదివేటప్పుడు: ఒక పోల్ అంటే 16.5 అడుగులు, 4 పోల్స్ ఒక గొలుసు, 320 పోల్స్ ఒక మైలు, 160 చదరపు పోల్స్ ఒక ఎకరా. కాబట్టి 1,000 ఎకరాలంటే 400 పోల్స్ నిడివీ అంతే వెడల్పూ, వైపుకు మైలుంపావు. భుజాల కొలతలతో విస్తీర్ణం లెక్కగట్టి చూడండి, రాసిన ఎకరాలకు దగ్గరగా రాకపోతే నకలు రాసినవాడు ఒక భుజం వదిలేసి ఉంటాడు. ఉత్తరానికి పోయిన దూరాల మొత్తం దక్షిణానికి వచ్చిన దూరాలతో సరిపోవాలి, తూర్పు పడమరలూ అంతే. దిక్కులన్నీ అయస్కాంత దిక్సూచివి. 250 ఏళ్ళలో సూది చూపు జరిగింది, నేటి పటం మీద ఉన్నదున్నట్టు గీస్తే వాగు పక్క పొలంలో పడుతుంది. ఆ తేడాకు మొత్తం బొమ్మను ఒకేసారి తిప్పండి, గీతగీతకీ సర్దకండి. మూలల్లో ఉండేవి హికరీ, బీచ్, షుగర్ చెట్లు, కాటు పెట్టి గుర్తించినవి. అవి ఇప్పుడు ఉండవు, వాగు వంపులే పట్టుకోవాలి. గుట్టల మీద గొలుసును నేలవాలుగానే లాగేవాళ్ళు కాబట్టి అక్కడ దూరాలు నిజం కన్నా ఎక్కువ చూపిస్తాయి. పటం అడుగున గొలుసు మోసినవాళ్ళ పేర్లు, చెట్టుకు కాటు పెట్టినవాడి పేరు ఉంటాయి. భూమి ఎవరి పేర కొలిచారో ఆ ఆఫీసరు చాలాసార్లు కెంటకీలో అడుగే పెట్టలేదు, కానీ ఈ అడుగున ఉన్న పేర్లవాళ్ళు ఆ రోజు అక్కడ నిలబడ్డారు. వంశం వెతికేవాళ్ళకు పై పేరు కంటే కింది పేర్లే విలువైనవి.

పన్ను లెక్కలు వెతికేటప్పుడు అప్పటి పద్ధతి తెలిసి ఉండాలి: స్వతంత్రుల్లో 16 ఏళ్ళు దాటిన మగవాళ్ళు, బానిసల్లో 16 దాటిన ఆడా మగా ఇద్దరూ తలపన్ను లెక్కలోకి వస్తారు. కుర్రవాడి పేరు లేదంటే ఇంకా 16 నిండలేదేమో చూడాలి. 1782లో మొదలైన ఆస్తిపన్ను జాబితాల్లో ఫిన్‌కాసిల్ పేరు ఎక్కడా రాదు, కౌంటీ పోయి అప్పటికి ఆరో ఏడు.

టెనెసీ వాళ్ళ కోసం వెతికేవాళ్ళకు ఇంకొకటి. హోల్‌స్టన్‌కు ఉత్తరాన, ఇప్పుడు బ్రిస్టల్, సలివన్ కౌంటీ ఉన్న వైపున కాపురమున్నవాళ్ళు తాము వర్జీనియాలో ఉన్నామనుకున్నారు, ఫిన్‌కాసిల్ మిలీషియాలో పేరు రాయించుకున్నారు, పన్నులు అక్కడే కట్టారు. ఎవాన్ షెల్బీ కాపురమే ఆ చోట. 1779లో హద్దు గీత నడిచి కొలిచాకే అది నార్త్ కరోలినా నేలని తేలింది. కాబట్టి ఈశాన్య టెనెసీ కుటుంబాల 1773–76 కాగితాలు నార్త్ కరోలినాలో దొరక్కపోతే క్రిస్టియన్స్‌బర్గ్ పుస్తకాల్లో చూడండి.